మూడు మెలికల కోసం పెద్దవాగు దాకా

"మందమర్రిల సూసేటందుకు ఏమున్నది బిడ్డా?"

పెద్దపల్లి పోయే బస్సులో మా పక్క సీట్లో కూర్చున్న పెద్దావిడ అడిగింది. ఆమె అడగడంలో తప్పేమీ లేదు. బొగ్గు బావిలో నౌకరీ ఉన్నవాళ్లో, అక్కడ చుట్టాలున్నవాళ్లో తప్ప ఊరు చూడ్డానికని ఎవరూ మందమర్రి పోరు. మాకు ఆ రెండూ లేవు. నేను కిటికీ వైపు తిరిగితే, నా భార్య సుజాత అందుకుంది.

"ఒక ముడి నేర్చుకోను పోతున్నం అవ్వా."

"ముడి ఏసుడు నేర్వనీకి రైలెక్కి పోవుడా? గదేం ముడి?"

ఇక తప్పదని సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసి మూత తెరిచాను. అందులో అన్నం లేదు. కోడి ఈకలతో, మేక వెంట్రుకలతో, రంగు దారంతో నేను కట్టిన ఈగలు ఉన్నాయి. ఈగలంటే నిజం ఈగలు కావు. చిన్న గాలం కొక్కేనికి ఈకలూ వెంట్రుకలూ దారంతో చుట్టి, నీళ్లలో పడ్డ పురుగులాగానో కప్పపిల్లలాగానో కనిపించేటట్టు చేసే ఎర. ఎర్రలూ పిండిముద్దా అవసరం లేకుండా దీంతోనే చేపలు పడతారు.

ఆవిడ ఒకటి తీసుకుని కళ్ల దగ్గర పెట్టుకుంది. సరిగ్గా అప్పుడే డ్రైవర్ బ్రేకు వేశాడు. కొక్కెం పోయి ఆవిడ చీర కొంగులో దిగింది. సుజాత కొంగు పట్టుకుని మెల్లగా వెనక్కి తీయబోయింది. కొక్కెం వచ్చింది. దాంతోపాటు దారం కూడా ఊడి వచ్చింది. చుట్టు మీద చుట్టు విప్పుకుంటూ పోయి, ఈకలన్నీ ఆవిడ ఒళ్లో రాలాయి.

"గిదేనా మీ ముడి?" అని నవ్వింది ఆవిడ. "పోండి పోండి. జల్ది పోయి నేర్సుకోండి."

బస్సులో నలుగురూ నవ్వారు. సుజాత కూడా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకు రాలేదో చెప్పాలంటే నా కుడిచెయ్యి గురించి చెప్పాలి.

ఏడాదిన్నర కిందట మస్కట్‌లో, ఒక కట్టెపని కార్ఖానాలో, రంపం నా కుడిచేతి చూపుడువేలునూ నడిమివేలునూ తీసేసింది. పదకొండేళ్లు అక్కడ వడ్రంగం చేసిన చెయ్యి అది. ఆస్పత్రి నుంచి వచ్చాక నాలుగు వారాలు క్యాంపు గదిలో పడుకుని ఉన్నాను. పై మంచం బషీర్‌ది. అతను కశ్మీరు మనిషి, అక్రోటు కట్టె మీద పూలు చెక్కే పనివాడు. వాళ్ల ఊళ్లో చల్లటి నీళ్ల వాగుల్లో ఇట్లాంటి ఈగలతోనే చేపలు పడతారట. సెలవు రోజున మంచం మీద కూర్చుని ఈగలు కట్టేవాడు. నేను గోడకేసి చూస్తూ పడుకోవడం చూడలేక ఒకరోజు నా ఎడమచేతికి దారం రీలు ఇచ్చాడు. ఇంటికి వచ్చేటప్పుడు తన దగ్గరున్న రెండు వైసుల్లో ఒకటి, కొక్కేన్ని కదలకుండా పట్టుకునే అరచేయంత ఇనుప పనిముట్టు, నా సంచిలో పెట్టాడు.

ఎడమచేత్తో చుట్టడం వచ్చింది. ఈకలు కట్టడం వచ్చింది. ఆఖరి ముడి ఒక్కటే రాలేదు. బషీర్ వేసే ఆఖరి ముడికి రెండు వేళ్లు కావాలి. ఆ వేళ్ల చుట్టూ దారం తిప్పి, దాని కొసను చుట్ల కిందికి దూర్చి బిగించాలి. నాకు లేనివి ఆ రెండు వేళ్లే. దానికి ఒక పనిముట్టు దొరుకుతుందంటే తెప్పించాను. అదీ నా చేతిలో నిలవలేదు. అందుకని అంతా నేను కట్టి, ఆఖరున సుజాతను పిలిచేవాణ్ని. ఆమె జాకెట్లు కుడుతుంది. మిషన్ మీంచి లేచి వచ్చి, రెండు ముడులు వేసి, పళ్లతో దారం తెంపి పోయేది.

అట్లా కట్టిన ఈగలు రెండు డజన్లు, ఆదివారాలు మానేరు డ్యాం మీద చేపలు పట్టే ఒక లెక్చరర్ సారుకి ఇచ్చాను. వారం తర్వాత ఆయన ఒక కాగితం పొట్లం తిరిగి ఇచ్చారు. అందులో ఉత్త కొక్కేలూ, ఈకలూ వేరువేరుగా ఉన్నాయి.

"దాసూ, నీ చేతిపని బాగుందయ్యా. కానీ నీళ్లల్ల పడితే ఊడిపోతున్నయి," అన్నారు. ఆయనే మందమర్రి పోశం పేరు చెప్పారు. బొగ్గు బావిలో పనిచేసి రిటైరయ్యాడు, చేతికి నీకంటే పెద్ద దెబ్బ తగిలింది, అయినా ఆయన కట్టిన ఈగ ఇప్పటిదాకా ఊడలేదు, పోయి చూడు అని.

ఇంకో సంగతి కూడా ఉంది. గల్ఫ్ ఏజెంటు మళ్లీ ఫోన్ చేశాడు. మస్కట్‌లోనే వాచ్‌మన్ పని ఉంది, దానికి వేళ్లతో పనిలేదు, శనివారం సాయంత్రంలోగా ఏ సంగతో చెప్పమన్నాడు. మేము బయలుదేరింది గురువారం. సుజాత నన్ను పోవద్దని అనలేదు. పొమ్మని కూడా అనలేదు. నేను అడగలేదు.

మందమర్రి

పెద్దపల్లిలో రైలెక్కితే గోదావరి దాటి, మంచిర్యాల దాటి, పదకొండు గంటలకల్లా మందమర్రిలో దిగాం. రోడ్డు పక్కన చెట్ల ఆకుల మీద సన్నటి నల్లటి పొడి ఉంది. వేలితో రాస్తే అంటుకుంటుంది. మా కరీంనగర్‌లో ఎదురుపడితే "తిన్నవా?" అని అడుగుతారు. ఇక్కడ కార్మికుల కాలనీల్లో "ఏ షిఫ్టు?" అని అడుగుతున్నారు. టీ కొట్టు దగ్గర నన్ను కూడా అడిగారు. నాకు ఏ షిఫ్టూ లేదని చెప్పడానికి కాస్త కష్టమనిపించింది. టీ పది రూపాయలు, మా దగ్గరి రేటే. గ్లాసు మాత్రం పెద్దది.

పోశం ఇల్లు కాలనీ చివర, రెండు గదుల రేకుల ఇల్లు. ముందు వేపచెట్టు కింద మంచం మీద ఆయన కూర్చుని ఉన్నాడు. డెబ్బై దాటి ఉంటాయి. తెల్ల బనీను, గళ్ల లుంగీ. నేను నమస్కారం పెట్టగానే ఆయన చూపు నా మొహం మీద కాక చేతి మీద పడింది.

"రంపమా?" అన్నాడు.

"అవు కాకా."

ఆయన తన కుడిచెయ్యి పైకెత్తి చూపించాడు. బొటనవేలూ చిటికెనవేలూ తప్ప మధ్యలో ఏమీ లేదు. "నాది తాడు. బొగ్గు టబ్బుల గుంజుతది సూడు, ఇనుప తాడు, అండ్ల వడ్డది. కూసోండి, కూసోండి. ఓ లచ్చవ్వా, మంచినీళ్లు దే!"

లచ్చవ్వ ఆయన భార్య. మేము వచ్చిన పని పూర్తిగా వినకముందే పిండి కలపడం మొదలుపెట్టింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, ఉల్లి ఆకు వేసి గిన్నెకు ఒత్తి కాల్చే సర్వపిండి మా ఇంట్లోనూ చేస్తాం. మేము గ్యాసు మీద కాలుస్తాం. లచ్చవ్వది బొగ్గుల పొయ్యి. అడుగు ఎర్రగా, అంచులు కరకరలాడుతూ వచ్చింది. తినేముందు మేమిద్దరం కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటుంటే, పోశం కాక చేతిలో ముక్క పట్టుకుని మా ఆమెన్ దాకా ఆగాడు. మేము కళ్లు తెరిచాక "అయిందా? ఇగ తిందాం" అన్నాడు.

తిన్నాక నా డబ్బా చూశాడు. ఒక్కో ఈగనూ తిప్పి తిప్పి చూసి, "కట్టుడు మంచిగున్నది," అన్నాడు. తల దగ్గర దారాన్ని గోటితో గీరాడు. అది కదిలింది. "ముడే మంచిగ లేదు. ఇది ఎవలేసిండ్రు?"

"నేనే," అంది సుజాత.

"నువ్వు గట్టిగనే గుంజినవ్ బిడ్డా. గుంజుడు తక్కువగాలే. ఇంకేందో ఉన్నది."

ఆ ఇంకేందో ఏమిటో ఆ రోజు ఆయనకూ తెలియలేదు. ముందు తన ముడి చూపించాడు. మంచం కింద ఉన్న నులక ముక్క తీసి మంచంకోడుకు ఒక మెలిక వేసి గుంజాడు. బిగిసింది. నన్ను గుంజమన్నాడు. రాలేదు. తర్వాత మంచం ఎత్తి, కోడు కింది నుంచి ఆ నులక మెలికను జార్చి తీశాడు. నులక అట్లా అట్లా ఊగి ఉత్త తాడై చేతిలో వేలాడింది. ముడి అన్న గుర్తే లేదు.

"సూసినవా? ఇది ముడి గాదు, మెలిక. ముడి దానంతట అదే ఉంటది. మెలికకు పట్టుకోను ఒకటి గావాలె. కోడు ఉంటెనే మెలిక. కొక్కెం ఉంటెనే మెలిక. బర్రెను గుంజకు కట్టినా గదే, మేం బావిల తాడు కట్టినా గదే."

ఇంగ్లీషులో దీన్ని హాఫ్ హిచ్ అంటారని బషీర్ చెప్పేవాడు. కానీ దాన్ని చిన్నచూపు చూసేవాడు, జారిపోతుందని. పోశం కాక మాత్రం అదొక్కటే వాడతాడు. ఈకలు కట్టాక ఒక మెలిక వేస్తాడు, తర్వాతి పనిలో దారం జారకుండా. వెంట్రుకలు కట్టాక ఇంకొకటి. మధ్యలో ఎవరైనా పిలిస్తే ఒకటి వేసి లేస్తాడు, తిరిగి వచ్చేదాకా పని అట్లాగే ఉంటుంది. ఆఖరున మాత్రం మూడు. ఒకదాని వెనక ఒకటి, వరసగా. ఆ మూడింటి మీద ఒక చుక్క గోళ్లరంగు.

"వేళ్లు లేకుండ ఎట్లేస్తవ్ కాకా?" అని అడిగాను. నేను అంత దూరం పోయింది ఆ మాట అడగడానికే.

ఆయన కిటికీలోంచి ఒక పాత బాల్‌పెన్ను తీశాడు. రీఫిల్ లేదు, ఉత్త గొట్టం. చివర సన్నటి రంధ్రం. దారాన్ని ఆ గొట్టం చివర చుట్టూ ఒకసారి మెలికగా తిప్పాడు. గొట్టం రంధ్రాన్ని కొక్కెం ముక్కుకు, అంటే గాలం దారం కట్టే కన్ను ఉన్న కొసకు, తొడిగాడు. అప్పుడు దారాన్ని మెల్లగా లాగితే, మెలిక గొట్టం మీంచి జారి, సరిగ్గా ఈగ తల మీద పోయి కూర్చుంది. గట్టిగా లాగి బిగించాడు. వేళ్లతో పనే లేదు.

నేను ఆ గొట్టం చేతిలోకి తీసుకున్నాను. ఏడాదిన్నర తర్వాత మొదటిసారి ఒక పని నేనే పూర్తిచేసేటట్టు కనిపించింది.

కానీ రాలేదు. సాయంత్రం దాకా పదిసార్లు వేశాను. మెలిక గొట్టం మీంచి జారేది, తల మీద కూర్చునేది, లాగితే బిగిసినట్టే ఉండేది. పోశం కాక గోటితో గీరితే వదులయ్యేది. పదింటిలో మూడు నిలిచాయి. ఆ మూడూ ఎందుకు నిలిచాయో కూడా తెలియలేదు.

"ఫికర్ జెయ్యకు. రేపు ఆసిఫాబాద్ పోతున్నం, మా బిడ్డ రమ ఇంటికి," అన్నాడు కాక. "పెద్దవాగు ఆడనే. నీళ్లల్ల ఏసి సూద్దాం. ఇంట్ల కూసోని సూస్తే ఏం తెలుస్తది?"

ఆసిఫాబాద్ రోడ్డు స్టేషన్

శుక్రవారం పొద్దున మేం ముగ్గురం రైలెక్కాం. లచ్చవ్వ కోళ్లున్నాయని రాలేదు. ఆసిఫాబాద్ రోడ్డు స్టేషన్ పేరు చూసి దిగితే ఊరు ఉంటుందనుకోకండి. ఊరు అక్కణ్నుంచి ఇంకా చాలా దూరం, ఆటోలో పోవాలి. స్టేషన్ బయట ఆడవాళ్లు సీతాఫలాల బుట్టలు పెట్టుకుని కూర్చున్నారు. కరీంనగర్‌లో డజన్ల లెక్కన కొనే పండు ఇక్కడ బుట్ట లెక్కన అమ్ముతారు. ఒకావిడ బుట్ట నూట ఇరవై అంది. సుజాత వంద అంది. ఆవిడ మరాఠీ కలిసిన తెలుగులో ఏదో అంది, సుజాత నవ్వింది, నూట పదికి కుదిరింది. ఆవిడ ఏమందని తర్వాత అడిగితే, "నాకు అర్థం కాలే. మొఖం సూసి నవ్విన," అంది.

ఆటోలో పోశం కాక ఆమెను అడిగాడు. "ఈడు మళ్ల గల్ఫ్ దేశం పోతడా బిడ్డా? ఫోన్ల ఎవలితోనో అంటుంటే విన్న."

సుజాత ఒళ్లో ఉన్న పండ్లు సర్దుకుంది. "ఆయన చెయ్యి కాకా. ఏ పని చేస్తదో ఆయనకే తెల్వాలె."

ఆమె అట్లా అన్నందుకు నాకు కోపం రాలేదు. కోపం వచ్చినా బాగుండేది.

పెద్దవాగు

వానాకాలం అయిపోయి నెలన్నర అయింది. వాగులో నీళ్లు తేటగా, మోకాళ్ల లోతుగా పారుతున్నాయి. ఒక వంపు దగ్గర మాత్రం మడుగు ఉంది, అంచున తుంగ పెరిగింది. కొర్రమీను ఉండే చోటు అది అని కాక చెప్పాడు. ఆయన దగ్గర పొడుగాటి వెదురు కట్టె, దానికి దారం, అంతే. లెక్చరర్ సారు వాడే, దారం చుట్టే చక్రమున్న కర్ర లాంటిదేమీ లేదు. కట్టె చాపి, ఈగను తుంగ పక్కన నీళ్ల మీద పెట్టి, మెల్లగా కదిలించాలి.

నా డబ్బాలోంచి పెద్ద ఈగ ఒకటి తీసి ఆ దారానికి కట్టాను. మేక వెంట్రుకలతో కప్పపిల్ల ఆకారంలో చేసింది. ఆఖరి ముడులు సుజాత వేసింది, గోళ్లరంగు కూడా పెట్టింది. అరగంట కదిలించాను. ఏమీ లేదు. తర్వాత నీళ్లు ఒక్కసారి పగిలినట్టయి, కట్టె వంగింది.

ఒక్క క్షణమే. మళ్లీ కట్టె తేలికయింది. దారం పైకి తీస్తే కొక్కెం వచ్చింది, దానికి ఒక్క వెంట్రుక కూడా లేదు. నీళ్ల మీద నేను కట్టిన వెంట్రుకలు చెదిరిపోయి కొట్టుకుపోతున్నాయి.

నేను ఒడ్డున ఇసుకలో కూర్చున్నాను. బస్సులో ఆ పెద్దావిడ నవ్వినప్పటి నుంచి లోపల ఉన్నదంతా బయటికి వచ్చింది.

"రేపు ఏజెంటుకు ఫోన్ చేసి వస్తనని చెప్త," అన్నాను.

సుజాత పక్కన వచ్చి కూర్చుంది. ఆ తర్వాత అన్న మాటలు నేను మరిచిపోను.

"పోతవా, పో. కానీ ఒక మాట ఇను. పదకొండేండ్లు నువ్వు ఆడున్నవ్, నేను ఈడున్న. నీ చెయ్యి తెగిన దినం నాకు ఎవలో ఫోన్ చేసి చెప్పిండ్రు. నీ పక్కన లేను. ఇప్పుడు దినాం నువ్వు పిలుస్తున్నవ్, 'సుజాతా, ముడెయ్యి' అని. మిషన్ ఆపి లేస్తున్న. నీకు అది చిన్నతనం అనిపిస్తుండొచ్చు. నాకు అట్ల అనిపిస్తలేదు."

మడుగు దగ్గర పోశం కాక మావైపు చూడకుండా కట్టె సర్దుకుంటున్నాడు. దాన్ని భుజాన పెట్టుకుని, "లెవ్వు తమ్మీ," అన్నాడు. "ఇంటికి పోదాం. మీరిద్దరు ఇంటికాడ ఎట్ల చేస్తరో గట్లనే నా ముంగట చేయండ్రి. నేను సూడాలె."

రమ ఇంటి అరుగు

కాక కూతురు రమ అరుగు మీద చాప వేసి, జొన్నరొట్టెలు పెట్టింది. పక్కన పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి, పల్లీలు దంచిన కారం. దీన్ని ఠేచా అంటారట, మహారాష్ట్ర వైపు నుంచి వచ్చింది. మా దగ్గర పచ్చిపులుసుతో తింటాం జొన్నరొట్టె. ఠేచా మొదటి ముద్దకే నా కళ్లలో నీళ్లు వచ్చాయి. ఆ పూట ఆ నీళ్లకు ఎవరూ కారణం అడగకపోవడం నాకు మంచిదయింది.

తిన్నాక అరుగు అంచుకు వైసు బిగించాను. కొక్కెం పెట్టాను. కొక్కెం ముక్కు ఎడమవైపు ఉండాలి నాకు, ఎడమచేత్తో చుడతాను గనక. చుట్టాను. ఈకలు కట్టాను. తల దగ్గరికి వచ్చాక అలవాటు ప్రకారం "సుజాతా" అన్నాను. ఆమె వచ్చి ఎదురుగా కూర్చుంది. వైసును తిప్పకుండా అట్లాగే ఉంచింది. ఇప్పుడు కొక్కెం ముక్కు ఆమెకు కుడివైపు. దారం అందుకుని కుడిచేత్తో మెలిక వేయబోయింది.

వేయబోయి ఆగిపోయింది.

"ఏమైంది?" అన్నాను.

"ఉండు." వంగి నా చుట్లు చూసింది. దారాన్ని తనవైపు నుంచి అవతలికి ఒకసారి తిప్పింది. వెనక్కి తీసింది. మళ్లీ తిప్పింది. "కాకా, ఇటు రా. జర సూడు. ఈయన చుట్టింది పైకెళ్లి నా దిక్కు వస్తున్నది. నేను అటు తిప్పుతున్న. మిషన్ చక్రం ఎనుకకు తిప్పినట్టు ఐతున్నది!"

కాక కళ్లద్దాలు పెట్టుకుని వంగాడు. నేనూ వంగాను. ఆమె చెప్పింది నిజం. నేను ఎడమచేతి వాటంగా ఒక దిక్కు చుడుతున్నాను. ఆమె కుడిచేతి వాటంగా దానికి ఎదురు దిక్కు మెలిక వేస్తోంది. ఆమె ఎంత గట్టిగా గుంజితే నా ఆఖరి చుట్టు అంత వదులవుతోంది. పైన ముడి గట్టిగానే ఉంది, దాని కింద చుట్లు విప్పుకోవడానికి తయారుగా ఉన్నాయి. నీళ్లు తగిలి, చేప కొరికితే చాలు.

"కుట్టేటప్పుడు చక్రం ఎనుకకు తిరిగితే దారం చిక్కు పడ్తది, తెగుతది," అంది సుజాత. "ఇరవై ఏండ్ల సంది మిషన్ తొక్కుతున్న, నాకు గిది తెల్వకపాయె!"

"మరి నిన్న నేను గొట్టంతోని ఏసినయి?" అన్నాను. అడుగుతుండగానే జవాబు తట్టింది. నిన్న పోశం కాక చేతిని చూసి, ఆయన తిప్పినట్టే తిప్పాను. మూడు వేళ్లు పోయినా ఆయనది కుడిచేతి చుట్టే. నిలిచిన మూడూ నేను పొరపాటున నా దిక్కు తిప్పినవి అయి ఉంటాయి.

పోశం కాక చాలాసేపు తల ఊపాడు. "నా తీరు నీకు నేర్పిన తమ్మీ. నీ తీరు ఏందో నేను సూడలే. తప్పు నాది."

"తప్పేం లేదు కాకా," అని సుజాత గొట్టం తీసి నా ఎడమచేతిలో పెట్టింది. "నీ దిక్కు తిప్పు."

నా దిక్కే తిప్పాను. గొట్టాన్ని కొక్కెం ముక్కుకు తొడిగి లాగాను. మెలిక జారి కూర్చుంది. ఇంకొకటి. ఇంకొకటి. కాక గోటితో గీరాడు. కదలలేదు. కత్తి మొనతో గీరాడు. కదలలేదు. కొక్కేన్ని వైసులోంచి తీసి నీళ్ల చెంబులో వేసి, చాయ్ తాగేదాకా ఉంచి, తీసి, ఈకలు పట్టుకుని గుంజాడు. ఈకలు తెగాయి గానీ దారం కదలలేదు.

ఆ మధ్యాహ్నం ఏడు కట్టాను. ఏడూ నేనే ముగించాను. ఎనిమిదోది కట్టి, దారం సుజాత చేతికిచ్చాను. "నువ్వెయ్యి. నా దిక్కు." ఆమెకు అది ఎదురువాటం. రెండుసార్లు తప్పింది, తిట్టుకుంది, మూడోసారి వేసింది. అది కూడా ఊడలేదు.

పొద్దు వాలకముందే మళ్లీ వాగుకు పోయాం. తుంగ పక్కన రెండు చోట్ల వేశాను. మూడో చోట నీళ్లు పగిలాయి. ఈసారి కట్టె వంగింది వంగినట్టే ఉంది. నాకు కుడిచేత్తో పట్టు సరిగ్గా ఉండదు, కట్టె జారుతుంటే సుజాత వెనక నుంచి వచ్చి మొదలు పట్టుకుంది. ఇద్దరం చెప్పులతోనే నీళ్లలోకి దిగాం. ఆమె ఎడమకాలి చెప్పు బురదలో ఉండిపోయింది, ఇప్పటికీ అక్కడే ఉండి ఉంటుంది. మోచేయంత కొర్రమీను ఇసుక మీద పడి కొట్టుకుంటుంటే పోశం కాక దాని మీద తువ్వాల వేసి, నోట్లోంచి ఈగను తీసి నా అరచేతిలో పెట్టాడు. వెంట్రుకలు సగం నమిలేసింది. ఒక ఈక విరిగింది. తల దగ్గర దారం చుట్టు చుట్టుగా, కట్టినప్పుడు ఎట్లా ఉందో అట్లా ఉంది.

రమ ఆ చేపను చింతపులుసు పెట్టి వండింది. తిని లేచి, చెయ్యి కడుక్కుని, ఏజెంటుకు ఫోన్ చేశాను. శనివారం దాకా ఆగలేదు. "నేను వస్తలేనన్నా. వేరేవాళ్లను సూసుకోండి," అన్నాను. ఎందుకని ఆయన అడిగాడు. పని దొరికిందని చెప్పాను. సుజాత గిన్నెలు తోముతున్న రమ పక్కన నిలబడి నీళ్లు పోస్తోంది. నా మాట విన్నదని నాకు తెలుసు, చెంబులో నీళ్లు గిన్నె మీద కాక రమ కాళ్ల మీద పోసింది గనక.

కాగజ్‌నగర్

శనివారం పోశం కాకను కూతురింట్లో వదిలి, మేము కాగజ్‌నగర్ పోయాం. తిరుగు రైలు అక్కడ ఎక్కితే సీటు దొరుకుతుందని రమ చెప్పింది. కాక ఇంకో మాట చెప్పాడు: నాటు పుంజు మెడ ఈకలు కావాలంటే ఆ మార్కెట్లో చూడమని. ఫారం కోడి ఈక మెత్తన, నీళ్లలో ముద్దవుతుంది. నాటు పుంజు మెడ ఈక నిలుస్తుంది.

మార్కెట్లో ఒక కోడి కొట్టు దగ్గర ఆగాం. కొట్టు నడిపేది ఒక యాభై ఏళ్ల ముస్లిం ఆవిడ. అందరూ బీ అని పిలుస్తున్నారు. మెడ ఈకలు కొంటామంటే ఆవిడ కత్తి ఆపి చూసింది.

"ఈకలు కొనుడేంది భయ్యా? పారేస్తం. కొంటనని ఇప్పటిదాక ఎవలూ రాలే."

చెప్పినా అర్థం కాదని, వైసు తీసి ఆమె కొట్టు బల్లకే బిగించాను. పక్కన పడి ఉన్న ఎర్రటి పుంజు మెడలోంచి రెండు ఈకలు తీసుకున్నాను. ఎడమచేత్తో దారం చుట్టడం మొదలుపెట్టగానే కోడి కొనడానికి వచ్చినవాళ్లు ఆగిపోయారు. ఒకాయన తన కోడి సంగతి మరిచిపోయి బల్ల మీద మోచేతులు ఆనించాడు. జనం నా కుడిచెయ్యి వైపు చూస్తున్నారని తెలుస్తోంది. ఇన్నాళ్లూ దాన్ని జేబులో పెట్టుకునేవాణ్ని. ఇప్పుడు పెట్టుకోవడానికి తీరిక లేదు, ఆ చెయ్యి ఈకను పట్టుకుని ఉంది.

గొట్టంతో మూడు మెలికలు వేసి, దారం తెంపి, ఆమె చేతికిచ్చాను. "గుంజి సూడు బీ."

"తెగితే నాకేం తెల్వదు," అని ఆవిడ ఒక చేత్తో కొక్కేన్ని పట్టుకుంది, రోజూ కోళ్లు కోసే చేత్తో ఈకలు పట్టి గుంజింది. ఈకల పొడి రాలింది. ఇంకోసారి గుంజింది. తర్వాత వేలిమీద పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అరే, పక్కా ఉన్నది," అంది.

డబ్బులు తీసుకోలేదు. సగం సంచి నిండా మెడ ఈకలు తోలుతో సహా ఏరి, కుళ్లకుండా ఉప్పు రాసి, కాగితంలో చుట్టి ఇచ్చింది. ఇస్తూ తన సంగతి చెప్పింది. ఊళ్లోని కాగితం మిల్లు మూతపడ్డ రోజుల్లో దినానికి రెండు కోళ్లు అమ్మితే గొప్పట, కొట్టు తీసేద్దామనుకుందట. వాళ్లాయన ఇంకో ఊరు పోదామన్నాడట. "ఇంకొన్ని దినాలు సూద్దామన్న," అంది. "మిల్లు మళ్ల నడిచింది. ఇగో, ఈడనే ఉన్న."

తర్వాత కత్తి కడుగుతూ అడిగింది. "మంచి పుంజు తెగినప్పుడల్ల మెడ పక్కకు తీసి పెడుత. మళ్ల ఎన్నడొస్తవ్?"

మస్కట్‌లో ఉన్న పదకొండేళ్లూ ఆ ప్రశ్నకు నేను సరైన జవాబు చెప్పలేదు. ఇంట్లో అడిగినా, చర్చిలో అడిగినా, సెలవు దొరికితే, టికెట్టు దొరికితే, సేటు ఒప్పుకుంటే అనేవాణ్ని. ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టుకుని చెప్పాను.

"నెలకోసారి వస్త బీ. మొదటి శనివారం."

సుజాత ఈకల పొట్లం సంచిలో పెట్టుకుంటూ తలెత్తింది.

"వస్త గాదు బీ," అంది. "వస్తం."